మా తాతయ్య వెతికిన స్పేర్ పార్టుల దుకాణం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ట్రాక్టరు ఉన్నది మా ఇంట్లో ఒక్కటే. తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా మా ఊరు. ఆ బండిని మా తాతయ్య ఎవరో వాడి వాడి వదిలేస్తే కొన్నాడు. అప్పటికే దాని కంపెనీ ఆ రకం బండ్లు చేయడం మానుకుంది. దానికి రేడియేటరు ఉండదు, నీళ్లు పోసే పనే లేదు, ఇంజను గాలికే చల్లబడుతుంది. స్టార్టు చేస్తే పక్క ఊరికి కూడా తెల్లవారేది. నీళ్లు తాగని దున్నపోతును తెచ్చి కట్టేశాడని మా నానమ్మ ఎగతాళి చేసేది.

అవి ఎనభైల మొదటి రోజులు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, అది కూడా దాటి మా దిక్కుకు, చేలన్నీ ప్లాట్లుగా మారుతున్నాయి. నిన్న జొన్న కోసిన చోట ఇవాళ తెల్ల సున్నం వేసిన రాళ్లు పాతేవారు. ఇల్లు లేవాలంటే ముందు పునాదిలో ఎర్ర మొరం మట్టి నింపాలి. ఆ మొరం తోలడానికి ట్రాక్టర్లు దొరక్క మేస్త్రీలు ఇళ్లకొచ్చి బతిమాలేవారు. వాన పడితే దుక్కి, పడకపోతే మొరం. వానలు సరిగ్గా లేని ఆ ఏళ్లలో మా ఇంట్లో పొయ్యి వెలిగింది మొరంతోనే.

బండి నడిపేది మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, ఉయ్యాలలో చంటిపిల్ల. ఒక ఎండాకాలం పొద్దున మొరం లోడుతో పోతుంటే, స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు తిరగలేదు. రోడ్డు పక్కన ఎవరో తవ్వి వదిలేసిన గుంతలోకి బండి బోల్తా పడింది. చిన్నాయన దాని కింద ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

స్టీరింగు రాడ్డును చక్రానికి కలిపే ఒక బాల్ జాయింటు ఉంటుంది. అది వేరుపడి వేలాడుతూ కనిపించింది. పాతది కాదు, కొత్తదే. అంతకు కొద్ది రోజుల ముందే ఎల్బీ నగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కొని, మా తాతయ్యే స్వయంగా బిగించాడు. "డూప్లికేట్ మాల్ అంటగట్టి నా కొడుకును మింగిండు" అన్నాడు తాతయ్య. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి మాటను ఎవరు కాదంటారు? దినాలు కాగానే మా ఊరి మగవాళ్లు పోయి ఆ దుకాణంలో సామానంతా రోడ్డు మీదికి విసిరేశారు. ఆ దుకాణదారుడు ఇబ్రహీంపట్నం వైపు నుంచి కొత్తగా వచ్చి షాపు పెట్టుకున్న మనిషి. చేతులు జోడించి ఏదో చెప్పబోయాడట, వినే ఓపిక ఎవరికీ లేదు. తాతయ్య ఎవరినీ ఉసిగొల్పలేదు. ఆపనూ లేదు. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఆ మనిషిని శపించేది. "వాని ఇల్లు గుల్లగాను" అన్న మాటతోనే మా ఇల్లు నిద్ర లేచేది.

వానాకాలం దగ్గరపడింది. బండిని లేపి, వంగినవన్నీ సాపు చేయించారు. ఆ జాయింటు ఒక్కటి కొత్తది వేస్తే బండి కదులుతుంది. ఈసారి నడపాల్సింది మా నాన్న. తాతయ్య అడ్డం తిరిగాడు. నమ్మకమైన దుకాణం దొరికేదాకా బండి కొట్టం దాటడానికి వీల్లేదన్నాడు. "గట్లంటే దుక్కి ఎట్ల, తిండి ఎట్ల నాయినా?" అన్నాడు మా నాన్న. ఒక కొడుకు పోయాడు, ఉన్న ఒక్క కొడుకునూ అదే సీటు మీద కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టకపోతే ఇంటిల్లిపాదీ పస్తులు. ఆ రోజుల్లో తాతయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. నిజాం కాలపు బడిలో చదువుకున్నవాడు కాబట్టి ఆయనకు ఉర్దూ బాగా వచ్చు. తెలుగు బోర్డు చదవాలంటే మాత్రం నేను కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ట్రాక్టరు బొమ్మ కనిపించిన ప్రతి చోటా ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి దుకాణంలో తాతయ్య మా బండి పేరు చెప్పి, దానికి రేడియేటరు మూత కావాలన్నాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కాడు. దుకాణం వాడు డ్రాయరు లాగి ఒక మూత తీసి, "గిదే పడ్తది పెద్దమనిషి, ఒరిజినల్" అన్నాడు. తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ వస్తానని లేచాడు. ఇంకో చోట రేపు తెప్పిస్తామన్నారు. మరో చోట మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ కూడా తెప్పించారు, ఆ మూతలు పట్నం మొత్తంలో తమ దగ్గర తప్ప దొరకవన్నారు.

బయటికొచ్చాక తాతయ్య మీసాల్లో నవ్వాడు. చిన్నాయన పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. "లేనిదానికి మూత అమ్మెటోడు, ఉన్నదానికి మంచిది అమ్ముతడా బిడ్డా?" అన్నాడు. మా తాతయ్య అంత తెలివైనవాడు లోకంలో లేడనుకున్నాను. నాకు ఎండ కూడా తెలియలేదు.

చివరికి ఒక సందులో ఇరుకైన దుకాణం ఎక్కాం. గల్లా దగ్గర కళ్లద్దాల పెద్దమనిషి ఏదో బేరింగు తుడుస్తున్నాడు. మాట వింటేనే తెలిసింది, కోస్తా నుంచి వచ్చినవాడని. తాతయ్య బండి పేరు, మూత సంగతి చెప్పగానే ఆయన తల కూడా ఎత్తకుండా, "ఆ బండికి రేడియేటరే ఉండదు కదండీ, మూత తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నాడు. తాతయ్య అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. "దొరికినవు సేటూ" అన్నాడు. తువాలులో మూటకట్టి తెచ్చిన బాల్ జాయింటు తీసి ఆయన ముందు పెట్టి, ఇట్లాంటిది ఒకటి అసలుది ఇమ్మన్నాడు.

ఆయన వెంటనే ఇవ్వలేదు. పాతది ఎందుకు పోయిందో చూడనిదే కొత్తది అమ్మడం తనకు అలవాటు లేదన్నాడు. కిరసనాయిలు గుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచి, బొటనవేలితో కదిపి, వెలుతురులోకి పట్టుకుని మర చుట్ల మీద గోరు పెట్టి లాగాడు.

"ఇది విరగలేదండీ, ఊడింది. సరుకు అసలుదే. నేనైనా ఇదే ఇస్తాను. ఎవరు అమ్మారో గానీ మంచిదే అమ్మారు" అన్నాడు. మర చివర ఉన్న చిన్న రంధ్రం చూపించాడు. నట్టు ఊడిపోకుండా అందులో ఒక పిన్ను దూర్చి, దాని కాళ్లు వంచుతారట. "పిన్ను ఉండి తెగితే ఇక్కడ గీరుకుపోయి ఉండాలి. ఏమీ లేదు. అసలు పిన్ను పెట్టారా?"

తాతయ్య రోడ్డు వైపు తిరిగాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "పిన్ను మొరంల పడిపోయింది సేటూ. దేవులాడినా దొర్కలే. మేస్త్రి లోడు లోడు అని మొత్తుకుంటుండె. పక్కన స్లాబు చువ్వలు కట్టే తీగ ఉంటే, గదే మెలేసి కట్టిన. పొద్దుమీకి లోడ్లు అయినంక పిన్ను పెడదామనుకున్న, పెట్టలే."

ఆ తీగ నాకు బాగా తెలుసు. కాలనీలు లేస్తున్న ఆ రోజుల్లో ఎక్కడ పడితే అక్కడ దొరికేది. మా ఇంట్లో బకెట్టు చెవి, మంచం కోడు, దడి తలుపు, అన్నీ దానితోనే కట్టి ఉండేవి. విరిగింది ఏదైనా దానితో ఒక చుట్టు చుట్టి, ఏమైతది తియ్ అనుకునేవాళ్లం.

"అది మెత్త తీగండీ. బండి అదురుకి అరిగి తెగిపోద్ది. ఎవరికీ ఏం కాలేదు కదా?" అని అడిగాడు దుకాణం ఆయన.

"నా చిన్న కొడుకు పోయిండు" అన్నాడు తాతయ్య.

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. ఇంకెవరైనా అయితే, తలరాత పెద్దాయనా, మీరేం చేస్తారు, సరుకులో కూడా ఏదో లోపం ఉండే ఉంటుంది అని ఒక మాట అనేవారు. ఆ ఒక్క మాట కోసమే తాతయ్య ఆయన ముఖంలోకి చూస్తున్నాడని నాకనిపించింది. ఆయన అనలేదు. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు నాకు, తర్వాత తాతయ్యకు ఇచ్చాడు. కొత్త జాయింటు, పిన్నులు కాగితంలో చుట్టి, "మీరు అడిగారు కాబట్టి చెప్పానండీ. ఏమీ అనుకోకండి" అన్నాడు. తాతయ్య కోరుకున్న దుకాణం దొరికింది. సంతోషించేవాళ్లే లేరు.

వచ్చేటప్పుడు ఎల్బీ నగర్‌లో దిగాం. తాతయ్య నేరుగా ఆ పాత దుకాణం దగ్గరికి నడిచాడు. బోర్డు చదవమన్నాడు. ఇక్కడ ప్లాట్లు అమ్మబడును అని చదివాను. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివాను. లోపల కూర్చున్న కుర్రాడిని అడిగితే, స్పేర్ పార్టుల ఆయన ఉన్న సామాను వచ్చినకాడికి అమ్ముకుని పెళ్లాం పిల్లలతో వెళ్లిపోయాడనీ, ఎక్కడికో తెలియదనీ చెప్పాడు. తాతయ్య ఆ మెట్ల దగ్గర నిలబడిపోయాడు. వచ్చే పోయే జనం ఆయన్ని తప్పుకుని వెళ్తున్నారు.

ఇంటికొచ్చే దారంతా నేను ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఎవ్వరికీ చెప్పకు అంటాడేమోనని. పెద్దవాళ్లు తప్పు చేసినప్పుడు పిల్లలకు ఏదో ఒకటి కొనిపెట్టి ఆ మాట అంటారని నాకు అప్పటికే తెలుసు. అని ఉంటే నేను ప్రాణం పోయినా చెప్పేదాన్ని కాదు, నాకు తాతయ్య అంటే అంత ఇష్టం. అనాలనే కోరుకున్నాను కూడా. ఆ నిజం తెలిసింది దుకాణం ఆయనకు, తాతయ్యకు, నాకు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అది మా ఇంటిదాకా నడిచొచ్చే దారే లేదు. తాతయ్య ఆ మాట అనలేదు.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ పంచలో కూర్చుని పిల్లకు బువ్వ పెడుతోంది. మా నాన్న, నానమ్మ అక్కడే ఉన్నారు. తాతయ్య తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కోడలి ముందు ఆయన ఉత్త తలతో నిలబడడం నేను ఎన్నడూ చూడలేదు.

"బిడ్డా, గా దుకాణపాయన తప్పేం లేదు. మాల్ మంచిదే. పిన్ను పెట్టాల్సిన కాడ తీగ కట్టింది నేను. నా చేతులతోనే కట్టిన" అన్నాడు.

నానమ్మ లేచి ఆయన నోరు మూయబోయింది. మా నాన్న బయటికి వెళ్లిపోయాడు. చిన్నమ్మ పిల్ల మూతి తుడిచింది. ఏడుస్తుందనుకున్నాను, మీద పడి కొడుతుందేమోనని కూడా భయపడ్డాను.

"గా తీగ సంగతి మీ కొడుకుకు ఎరుకేనా?" అని అడిగింది.

"చెప్పలే బిడ్డా. గింతదానికి ఏమైతదనుకున్న."

"చెప్తే సూసుకునెటోడు గద మామా" అంది చిన్నమ్మ. అంతే. పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆ ఏళ్లన్నీ చిన్నమ్మ అదే ఇంట్లో ఉంది, ఆయనకు వండిపెట్టింది, జ్వరమొస్తే కషాయం కాచింది. ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. "మీ తాతను అన్నానికి రమ్మను" అని నాతో అనేది, ఆయన నా పక్కనే ఉన్నా సరే. దుకాణం ఆయన్ని శపించడం ఆ మర్నాటి నుంచే ఆగిపోయింది, పొద్దున్నే చీపురు చప్పుడు ఒక్కటే వినిపించేది. మా నాన్న బండి తీసే ముందు ఆమె వచ్చి ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి పిన్నును తడిమి చూసేది. చూసి పక్కకు తప్పుకుంటే అప్పుడు బండి కదిలేది. తాతయ్య అరుగు మీద నుంచి అదంతా చూస్తూ కూర్చునేవాడు.

ఊళ్లో కూడా చెప్పాడు. సామాను విసిరిన వాళ్లకే ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది, పాపం తమ నెత్తికి చుట్టుకుందని. ముసలోనికి మతి తప్పిందన్నారు. ఇబ్రహీంపట్నం సంతకు పోయినప్పుడల్లా తాతయ్య ఆ దుకాణం మనిషి కోసం అడిగేవాడు. దొరకలేదు.

నిజం చెప్తే మనసు తేలికవుతుందని చాలామంది అంటుంటే విన్నాను. మా తాతయ్యకు కాలేదు. చెప్పకపోయి ఉంటే చిన్నమ్మ ఆయన్ని కన్నతండ్రిలా చూసుకుంటూ ఉండేది. నోరు తెరిచే ముందు ఆ సంగతి ఆయనకు తెలుసనే నేను నమ్ముతాను. తెలిసీ చెప్పాడు, అందుకే ఇప్పటికీ ఆయన అంటే నాకు గౌరవం. అయితే ఆ గౌరవం పక్కనే కోపం కూడా అలాగే ఉంది. ఆ మాటే తీగ కట్టిన రోజే చెప్పి ఉంటే, కొడుకుతో ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది కదా.

నేనిప్పుడు అత్తగారినయ్యాను. మెట్టు మీద బండ కదిలినా, గ్యాసు పైపు పగిలినట్టు అనిపించినా, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ పేరు పేరునా చెప్తాను. పనిమనిషికి చెప్తాను, పాలబ్బాయికి చెప్తాను. ఒకసారి చెప్పారు కదా అత్తయ్యా, చాదస్తం కాకపోతే, అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. తెలిసిన మనిషి చెప్పకపోతే, తెలియని మనిషి నిశ్చింతగా వచ్చి ఆ బండే ఎక్కుతాడు.