పుస్తకానికెక్కని కొలత

ఆ వీధిలో ఆవిడను అందరూ టేపమ్మ అనే పిలుస్తారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. కూరగాయలకు వెళ్ళినా అది మెడలోనే ఉంటుంది. ఎవరైనా నవ్వితే, "తీసి ఎక్కడ పెట్టానో వెతుక్కునే ఓపిక నాకు లేదమ్మా" అంటుంది. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. ఒక మిషను, ఒక కటింగు బల్ల, నిలువెత్తు అద్దం, అద్దం పక్కన మేకుకు దారంతో వేలాడే కొలతల పుస్తకం. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధి ప్యాంట్లూ, చొక్కాలూ, బడి పిల్లల యూనిఫాంలూ ఆ గదిలోనే పుట్టాయి.

భర్త బస్సు డ్రైవరు. సెలవు రోజు వచ్చిందంటే కటింగు బల్ల పక్కన స్టూలేసుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ కొలిచి అంకె చెబుతుంది, ఆయన రాస్తాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి కొలత పక్కనా తేదీ పడి తీరాలి. నిరుటి నడుము ఈ ఏడు ఉండదని, ఆవిడకు పని నేర్పిన మాస్టారు పెట్టిన నియమం అది. హడావుడిలో ఆవిడ అంకె చెప్పి ఊరుకుంటే, ఆయన పెన్సిలు పైకెత్తి "తేదీ?" అనేవాడు, టిక్కెట్టు అడిగినట్టు. "గోడ మీద క్యాలెండరు లేదూ? మీకు కళ్ళు లేవూ?" అనేది ఆవిడ. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య సరసమంటే ఆ మాత్రమే. అది చాలు కూడా.

మాస్టారు నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. అద్దం ముందు నిలబడ్డ మనిషి సంతోషంగా వెనక్కి తిరగాలి. ఒకాయనకు ఒక భుజం కిందికి ఉంటుంది, లోపల రెండు పొరలు బక్రం వేసి కుట్టెయ్. ఒకావిడకు వీపు వంగి ఉంటుంది, వెనక భాగం అంగుళం పొడుగు కత్తిరించు. నోరు మాత్రం విప్పకు. చొక్కా కాలరు నిలబడటానికి వేసే ఆ గట్టి గుడ్డ, బక్రం, ఆవిడ చేతిలో ఎన్ని వంకర్లను దాచిందో లెక్కలేదు. ఇంత మంచి గుణం మనిషికి అపకారం చేస్తుందని ఎవరనుకుంటారు? ఆవిడా అనుకోలేదు.

ఆ జనవరిలో డిపో ఆవరణలోనే, వెనక్కి వస్తున్న బస్సు తగిలి డ్రైవరుగారి ఎడమ తొడ ఎముక మూడు ముక్కలైంది. ముప్ఫై ఏళ్ళు రోడ్డు మీద ఒక్క గీత పడకుండా బండి నడిపిన మనిషి, నిలబడ్డ చోట పడ్డాడు. ఆసుపత్రిలో లోపల కడ్డీ వేసి ఇంటికి పంపారు. డిపోవాళ్ళు ఆరు నెలలు గడువిచ్చారు. జూలై ఆఖరుకల్లా డాక్టరు సంతకంతో వస్తే బస్సు ఇస్తారు, రాకపోతే స్టీరింగు మరిచిపోవాలి. ఆయనకు వేరే ధ్యాస లేదు. మంచం మీద పడుకుని దుప్పటి కింద కుడి కాలితో బ్రేకు తొక్కేవాడు. "ఒక్కసారి సీట్లో కూర్చుంటే చాలే. మిగతాది బండే చూసుకుంటుంది" అనేవాడు.

మార్చి తొమ్మిదిన, చేతికర్రతో నిలబడగలుగుతున్నాడు కదా అని, ఆవిడ ఆయనకు కొత్త ప్యాంటు కుట్టింది. వట్టి కాళ్ళతో అద్దం ముందు నిలబెట్టింది. కుడి అంచు మడమ దగ్గర చక్కగా ఆగింది. ఎడమ అంచు నేల మీద కుప్పపడింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. తేడా గుడ్డలో లేదు, కాలిలోనే ఉంది.

"ఏమైందే?" అన్నాడు ఆయన.

"ఏం కాలేదు. కత్తిరింపు అటూ ఇటూ అయింది" అంది ఆవిడ.

అద్దంలో ఆయన నవ్వాడు. "టేపమ్మ చేయి కూడా తప్పుతుందన్నమాట! బాగానే ఉంది."

ఆ నవ్వు చెడగొట్టలేకపోయింది. రెండు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. ఇరవై రెండేళ్ళలో తీసిన కొలతను పుస్తకంలో రాయకపోవడం కూడా అదే మొదలు. ఆ సాయంత్రమే బక్రం పొరలు పొరలుగా కుట్టి ఎడమ బూటులో అమర్చింది. ఇంట్లో వేసుకునే ఎడమ చెప్పుకూ అడుగున ఒక పొర అతికించింది. "నేల చల్లగా ఉంది, చెప్పులు విప్పకండి" అని ఒట్టు పెట్టించుకుంది. స్నానం ఎలాగూ స్టూలు మీదే. కుంటడం మోకాలు బిగుసుకోవడం వల్లనేనని చెప్పింది. ఆయన అలాగే అనుకున్నాడు. వారం తరవాత ఆసుపత్రికి వెళితే, జనం మధ్య ఊపిరాడని డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూసి, తలుపు నుంచి కుర్చీ దాకా నడవమన్నాడు. ఆయన బూట్లతో నడిచాడు. "శభాష్, బాగా నడుస్తున్నారు" అన్నాడు డాక్టరు. ఆవిడ కూడా ఊపిరి పీల్చుకుంది. చూశారా, ఆవిడే పొర వేసి, ఆవిడే నమ్మేసింది.

మే నెలకు ఎముక అతుకుతోంది గానీ మోకాలు సగమే వంగుతోంది. వ్యాయామం చేయించే అమ్మాయి స్పష్టంగా చెప్పింది: "ఇంట్లో తొక్కే సైకిలు ఒకటి కొనండి, ఆంటీ. పెద్దది అక్కర్లేదు. సీటు బాగా పైకి లేవాలి, తొక్కుతుంటే ఊగకూడదు, పెడల్ మెత్తగా తిరగాలి. ఈ మూడూ ఉంటే చాలు. కొన్నాళ్ళు వట్టి కాళ్ళతోనే తొక్కించండి, అరికాలికి పట్టు తెలియాలి."

వట్టి కాళ్ళనే మాట ఆవిడ చెవిలో ముల్లులా దిగింది.

పాత వ్యాయామ సామాను అమ్మే కొట్టుకు ఆవిడ ఒక్కతే వెళ్ళింది. కొట్టాయన ముందు తెర ఉన్న సైకిలు చూపించాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెబుతుందట. ధర వింటేనే ఆవిడ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో తెలిసిపోయింది. తరవాత మడిచి మంచం కింద పెట్టుకునేది చూపించాడు. ఆవిడ చేత్తో నొక్కితేనే అది అటూ ఇటూ ఊగింది.

"ఇది ఎక్కితే ఉన్న కాలు కూడా పోతుంది నాయనా" అంది.

మూలనున్న మూడోది పాతది. బరువైన చక్రం, దాని చుట్టూ బిగించే పట్టీ, గిరగిరా తిప్పితే బిగుతు పెంచే మర. అంకెలు చూపించే డబ్బా పని చేయదు. కానీ ఇనుము గట్టిది, సీటు కింద కడ్డీకి ఎనిమిది చిల్లులున్నాయి. ఆవిడ మెడలోంచి టేపు తీసి, సీటు నుంచి కింది పెడల్ దాకా కొలిచింది. ఒక్కొక్క చిల్లు దగ్గరా మేకు మార్చి మార్చి కొలిచింది.

కొట్టాయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు. "అమ్మా, సైకిలు కొంటున్నారా, దీనికి సూటు కుట్టిస్తున్నారా?"

ఆవిడ నవ్వలేదు. కుడి కాలికి ఆరో చిల్లు సరిపోతుంది. ఎడమ కాలికి? గుడ్డయితే ఒక పక్క మడవొచ్చు, ఒక పక్క వదలొచ్చు. ఈ ఇనుముకు రెండు పక్కలా ఒకటే కొలత.

"ఒక పెడల్ కాస్త పైకి పెట్టడానికి కుదురుతుందా?"

"ఎవరికమ్మా?"

"ఊరికే అడిగాను" అని, ఆ మూడోదే బేరం చేసి ఇంటికి పంపమంది.

సైకిలు వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. ఆవిడ ఎడమ పెడల్ మీద బక్రం పొరలు అతికించి, మీద ఆయన పాత యూనిఫాం ముక్క చుట్టి, అంచులు సన్నగా కుట్టింది. కుడి పెడల్‌కు అదే గుడ్డ ఒక్క పొర చుట్టింది, తేడా కనపడకుండా. ఆయన లేచి చూసి మురిసిపోయాడు. "పెడల్‌కు కూడా యూనిఫాం కుట్టేశావా!"

మొదటి వారం పెడల్ ముందుకు సగం, వెనక్కి సగం. పైకి వచ్చేసరికి మోకాలు మొరాయించేది, ఆయన పళ్ళు బిగించేవాడు. ఎనిమిదో రోజు పొద్దున పెడల్ పైకెళ్ళి, దాటి, అవతలికి దిగింది. ఆయన పెట్టిన కేకకు వీధిలో నలుగురు తొంగిచూశారు. ఆవిడ మిషను ఆపి కళ్ళు తుడుచుకుంది. పుస్తకంలో ఎక్కని ఆ కొలత ఇక ఎప్పటికీ ఎక్కక్కర్లేదని, నిజంగానే, ఆ పూట నమ్మింది.

చెమటకు జిగురు నానుతుందని ఆవిడకు తోచలేదు. జూన్ నడుమ ఒక మధ్యాహ్నం, కుట్టిన బట్టలు ఇచ్చి ఇంటికి వచ్చేసరికి, సైకిలు పక్కన కొట్టాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. భర్త కుర్చీలో వట్టి కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. తొక్కుతుంటే ఎడమ కాలు గాల్లోకి జారిందట. పెడల్ వంగిందని ఫోను చేసి పిలిపించాడు.

"సైకిలుకు ఏ లోపమూ లేదు సార్" అంటున్నాడు కొట్టాయన. "రెండు పెడళ్ళూ సమానంగానే ఉన్నాయి, కావాలంటే కొలిచి చూసుకోండి. ఇదిగో, ఇది ఊడింది. ఇది మా కొట్లో వేసింది కాదు." అరచేతిలో ఆ మెత్త. అంగుళం పైన మందం. "ఎవరు కుట్టారో గానీ, పనితనం చూడండి."

ఆయన దాన్ని అందుకుని తిప్పి చూశాడు. ఆ కుట్టు ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పాలా? కొట్టాయన గుమ్మంలో ఆవిడను చూసి, ఏదో అర్థమైనట్టు, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఎడం కాలికే ఎందుకు?" అన్నాడు ఆయన.

ఆయన చెప్పు తీసి అడుగు చూశాడు. బూటు తెప్పించుకుని లోపలికి చెయ్యి పెట్టాడు. మూడింటినీ వరసగా కటింగు బల్ల మీద పెట్టాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని పడుకోబెట్టి రెండు కాళ్ళూ కొలిచాడు. కొలిచి చాలాసేపు ఎక్స్‌రేల కట్ట తిరగేశాడు.

"ముక్కలు ఒకదాని మీదికి ఒకటి జారి అతుక్కుని కాలు పొట్టిదైంది. ఎముక గట్టిపడిపోయింది. ఇప్పుడు సరిచేయాలంటే మళ్ళీ విరగ్గొట్టాలి, ఏడాది మంచం, అయినా హామీ లేదు. మీ వయసుకు నేను వద్దంటాను."

"బస్సు?" అన్నాడు ఆయన.

"ఇంత తేడాతో పెద్ద బండికి నేను సంతకం పెట్టలేను. క్లచ్చి తొక్కేది ఎడమ కాలే కదా." డాక్టరు కళ్ళజోడు తీశాడు. "నేను కూడా సరిగ్గా చూసుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ మార్చిలో మీరు చక్కగా నడిచారే! ఆ నెలాఖరులోపు తెలిసినా, తెరిచి లాగి సరిచేసేవాళ్ళం. అప్పటికి ఎముక ఇంకా పచ్చిగానే ఉంది."

టేపమ్మ గోడకు ఆనుకుంది. ఆయన ఆవిడ వైపు తిరగలేదు. తన బూట్ల వైపు చూశాడు.

తరవాతి వారాల్లో ఆవిడ చాలాసార్లు నోరు తెరిచింది. మీ నవ్వు కోసం చేశాననాలి, మీరు కుంగిపోతారని భయపడ్డాననాలి. నిజమే, అదంతా నిజమే. కానీ నిజాన్ని వేళకు చెప్పకపోతే, తరవాత చెప్పేదంతా సాకులాగే వినపడుతుంది. తెరిచిన నోరు అలాగే మూసుకునేది. ఆయన అన్నం అడిగినప్పుడు మాట్లాడేవాడు, నీళ్ళు అడిగినప్పుడు మాట్లాడేవాడు. సైకిలు మాత్రం ఎక్కలేదు. దాని హ్యాండిలుకు ఆవిడ ఇస్త్రీ చేసిన యూనిఫాంలు తగిలించసాగింది. ఆయన వద్దనలేదు.

జూలై ఆఖరి రోజు డిపో నుంచి కాగితం వచ్చింది. విడిభాగాల గదిలో కూర్చునే పని ఇస్తారట. ఆయన కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. లేచి వచ్చి మేకు నుంచి కొలతల పుస్తకం తీశాడు.

"కొలువు" అన్నాడు.

"ఎందుకండీ?"

"గదిలో కూర్చునేవాళ్ళ యూనిఫాం వేరేట. కుట్టాలిగా."

చెప్పులు విప్పి అద్దం ముందు నిలబడ్డాడు. నడుము ఎడమ పక్కకు ఒరిగింది. అద్దంలో తనను తాను చూసుకుంటూ, గోడకు పుస్తకం ఆనించి, పెన్సిలు పట్టుకున్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది.

"కుడి?"

"ముప్ఫై."

రాశాడు. "ఎడమ?"

ఆవిడ టేపు ఎడమ కాలికి మార్చింది. "ఇరవై ఎనిమిదీ ముప్పావు."

రాశాడు. పెన్సిలు పైకెత్తాడు.

"తేదీ?"

ఆవిడ అలవాటుగా గోడ మీద క్యాలెండరు వైపు తల తిప్పింది. ఆయన అటు చూడలేదు. పెన్సిలు అలాగే ఎత్తి పట్టుకుని, అద్దంలోంచి ఆవిడనే చూస్తున్నాడు. అడిగేది ఏ తేదీయో ఆవిడకు తెలిసింది. టేపు చేతికి చుట్టుకుని, తల దించుకుంది.

"మార్చి తొమ్మిది" అంది.

ఆయన రాశాడు, ఎప్పటిలాగే గుండ్రంగా. పుస్తకం మూసి, దాని మేకుకు దాన్ని తగిలించాడు.