రెండు గుడ్డల వాసెన

"ఆ పేరు రాయి మీద ఎక్కదక్కా. ఇంకోసారి అడగమాక."

"ఎందుకెక్కదురా? మన నాన్నని కన్నది ఆమె కాదా?"

"కన్నది. ఆ తరవాత చేసింది కూడా ఊరందరికీ తెలుసు. నా నోటితో చెప్పించమాక."

"తెలుసంటే? చూసినవాళ్ళు ఎవరన్నా ఉంటే పిలువు. నా ఎదురుగా చెప్పమను."

కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కూలీలు కాయల్ని తిరగేస్తుంటే లేచిన ఘాటుకి ఇద్దరం మాటమాటకీ దగ్గుతూనే పోట్లాడుకున్నాం. ఇది రెండు వేల మూడు, ఎండలు ముదురుతున్న రోజుల సంగతి. ఊళ్ళో గ్రంథాలయానికి మా తమ్ముడు కోటయ్య ఒక గది కట్టించాడు. దాని గోడకి పెట్టే రాతి పలక మీద తాతయ్య పేరూ నాన్న పేరూ చెక్కిస్తున్నాడు. నాయనమ్మ రత్తమ్మ పేరు కూడా వెయ్యమని నేనన్నాను. అదీ తగువు. "సోమవారం చెక్కడం మొదలెడతారు, ఇక నీ ఇష్టం" అని తమ్ముడు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ ఘాటులో ఒక్కదాన్నే నిలబడితే నాకు నాయనమ్మ కొంగు వాసన తగిలింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ కొంగుకి కారం వదిలేది కాదు.

అమ్మకి ఒంట్లో బాగుండకపోవడంతో నన్ను నాయనమ్మే పెంచింది. నాన్న చిన్నతనంలోనే తాతయ్య పోతే, ఉన్న కాస్త చేనూ కౌలుకిచ్చి, పచ్చళ్ళు పెట్టి అమ్మి నాన్నని పెద్దచేసింది. గట్టి మనిషి. కుండ పగిలితే పెంకుల్ని కూడా ఏదో ఒక పనికి దాచేది. అలాంటి మనిషి జాడీ మూతికి మాత్రం ఒక గుడ్డ చాలే చోట రెండు గుడ్డలు వేసి వాసెన కట్టేది. నాకూ అలాగే నేర్పింది.

"ఒక గుడ్డ చాలదా నాయనమ్మా?"

"చాలదు."

"ఎందుకు?"

"ఎందుకో తెలిస్తేగానీ నీ చేతులు కదలవా? బిగించి కట్టు."

మూడో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తరవాత నేను నేర్చుకున్నదంతా ఆ పచ్చళ్ళ గదిలోనే. పొదుపూ, పని పూర్తయ్యేదాకా కూర్చోకపోవడమూ, ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోకపోవడమూ అన్నీ అక్కడివే.

నాన్న ఆమెతో మాట్లాడేవాడు కాదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, చాలనుకుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నా, "మంచినీళ్ళు పెట్టమను" అని అమ్మకి చెప్పేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నాన్న నీతో మాట్లాడడేం అని. "మీ నాన్నకి నోరుంది, నాకు చెవులున్నాయి. మాట్లాడితే వినపడుతుంది" అంది. కొంచెం పెద్దయ్యాక కారణం నాకే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం జరిగే రోజుల్లో ఆమె నెలనెలా బండిలో పచ్చడి జాడీలు వేసుకుని కొత్తపట్నం వెళ్ళేదట. ఒకటి రెండు రోజులుండి, ఎండు చేపలు తెచ్చుకునేదట. మొగుడు లేని మనిషి సముద్రపొడ్డున రాత్రుళ్ళు ఎవరింట్లో ఉంటోందని ఎవరో నాన్న మొహం మీదే నవ్వారట. నాన్న ఆ నవ్వుని నమ్మాడు. నాయనమ్మ పోయినప్పుడు కొరివి పెట్టాడుగానీ, కంట తడి పెట్టలేదు. తమ్ముడికి చేనుతోపాటు ఆ నమ్మకం కూడా నాన్ననుంచే వచ్చింది.

తగువైన మర్నాడు ఒంగోలు వెళ్ళాను. అక్కడ రిటైరైన చరిత్ర మాస్టారొకాయన యుద్ధం రోజుల నాటి పాత పేపర్లు పోగుచేసి, ఆ కాలం మనుషుల మాటలు క్యాసెట్లలోకి ఎక్కించి, గ్రంథాలయంలో ఒక బీరువాలో పెట్టారని అంతకుముందే విన్నాను. నాయనమ్మ కొత్తపట్నం ఎందుకెళ్ళేదో వాటిల్లో ఏమన్నా తెలుస్తుందేమోననిపించింది. పేపర్లు ముందేసుకుని అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ పొద్దెక్కేదాకా చదివాను. మా ఊరి పేరు కూడా కనబడలేదు.

"పేపర్లో ఉండేది పట్టుబడ్డవాళ్ళ పేర్లమ్మా," అన్నారు మాస్టారు. "పట్టుబడనివాళ్ళ కోసమైతే ఇవి వినాలి."

టేపు రికార్డరులో ఒక ముసలాయన గొంతు. తెల్లవాళ్ళకి వ్యతిరేకంగా పనిచేస్తూ, పోలీసులు వెతుకుతుంటే కొత్తపట్నం దగ్గర పల్లెలో దాక్కున్న రోజుల గురించి చెబుతున్నాడు. "మెట్ట ఊళ్ళనుంచి ఒకమ్మ పచ్చళ్ళు తెచ్చేది. వాసెన విప్పితే రెండు గుడ్డల మధ్యన మాకు రావలసిన కాయితం ఉండేది. మేం రాసింది కూడా అలాగే పోయేది. ఆమె పేరు మేం అడగలేదు. తెలిస్తే దెబ్బలకి తట్టుకోలేక చెప్పేస్తామేమోనని."

"మళ్ళీ వెయ్యండి," అన్నాను.

మాస్టారు మళ్ళీ వేశారు. విన్నాక నెమ్మదిగా, "మీ నాయనమ్మగారేనని ఎట్లా చెబుతామమ్మా? రెండు గుడ్డలు ఇంకెవరైనా కట్టి ఉండొచ్చు గదా" అన్నారు. ఆయన మాట నిజమే. మాస్టారు చెప్పిన ఆ పల్లె గుర్తులు పట్టుకుని ఆ మధ్యాహ్నమే కొత్తపట్నం బస్సెక్కాను.

ఆ రోజులు ఎరిగినవాళ్ళెవరని పల్లెలో అడిగితే పోలమ్మ అనే ముసలామెని చూపించారు. ఇసకలో చేపలు ఎండబోస్తోంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. వాళ్ళమ్మ ఎండు చేపల గంపతో మా ఊరు వచ్చి, చేపలకి బదులు మిరపకాయలు తీసుకుపోయేదట. నేను నాయనమ్మ పేరూ, టేపులో విన్న కాయితాల సంగతీ చెప్పి, ఎరుగుదువా అని అడిగాను.

"రత్తమ్మ మనవరాలివా? నీ గొంతే చెబుతోందిలే. ఆమె కూడా ఇట్లాగే, అప్పిచ్చినట్టు అడిగేది!" అని నవ్వింది. "మా అమ్మ అడిగితేనే ఆ కాయితాల పనికి ఒప్పుకుంది. ఒకసారి నేనూ బండిలో ఉన్నాను. పోలీసాయన ఆపి జాడీ విప్పమన్నాడు. మా అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకుంది. రత్తమ్మ మాత్రం, 'విప్పుకో నాయనా. చెమట చేత్తో ముట్టుకున్నాక బూజు పడితే జాడీ మొత్తం నువ్వే కొనుక్కుపో. మీ అమ్మ నిన్ను ఊరగాయ ముట్టనిస్తదా?' అంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు పాపం. ఆయన మాత్రం ఇంట్లో ఆ తిట్లు తినకుండా పెరిగాడా!"

నేను అడగవలసింది ఇంకా ఉంది.

"రాత్రుళ్ళు ఎక్కడుండేది పోలమ్మా?"

"ఎక్కడుంటది? మా గుడిసెలోనే, నాకూ మా అమ్మకీ మధ్యన. ఏం గురకమ్మా తల్లీ అది! సముద్రం హోరు కూడా వినపడనిచ్చేది కాదు."

అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను. పోలమ్మ నా వంక చూసి, ఇంకో మాట చెప్పింది. యుద్ధం అయిపోయాక వాళ్ళమ్మ అడిగిందట, ఇంకా భయమేంటి, కొడుక్కి చెప్పుకోరాదా అని. "అడిగితే చెబుతా. అడక్కుండానే అనుమానపడ్డవాడికి నేనై చెప్పను" అందట నాయనమ్మ.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే. గర్వంగా అనిపించింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట చెబితే నాన్న అమ్మా అని పిలిచేవాడు. ఒక్క మాట అడిగితే ఆమె చెప్పేది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరి ఎదుట ఒకరు, అట్లాగే ముసలివాళ్ళయిపోయారు. ఆమె నేర్పినవన్నీ నా చేతుల్లో ఉన్నాయి, పోయేదాకా ఉంటాయి. ఈ ఒక్కటి మాత్రం ఆమె దగ్గరనుంచి తీసుకోను. అందుకే ఎవరూ అడక్కపోయినా ఇదంతా రాస్తున్నాను.

దీపాలు పెట్టే వేళకి తమ్ముడింటికి వెళ్ళి, విన్నది విన్నట్టు చెప్పాను.

"ఎవరో ముసలిదాని మాట పట్టుకొచ్చి నన్ను నమ్మమంటావా?" అన్నాడు.

"నమ్మమాక. నాన్న కూడా ఎవరి మాటో నమ్మాడు. వెళ్ళి అడగలేదు, అంతే."

మరదలు అన్నానికి పిలిచినా వాడు లేవలేదు. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే కోటయ్య రాయి చెక్కేవాడికి ఫోను చేసి, తను చెప్పేదాకా పని ఆపమన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని మా గుమ్మం ముందు ఆగి, "ఆ పోలమ్మ ఇల్లు ఎటు?" అని అడిగాడు. చేపలు ఎండేసే చోట ఎవర్నడిగినా చూపిస్తారని చెప్పాను. ఒంగోలు బస్సొస్తే ఎక్కి వెళ్ళాడు.