ఎర్రమ్మ నోటీసుకు జవాబు ఎవరు రాశారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేరాను. నా చదువు ఇంటర్, దాని మీద కోటబొమ్మాళిలో మూడు నెలల ట్యాలీ కోర్సు. మూడేళ్ళు చేసి మానేశాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలి, పెన్షన్ రావాలి అంటారు. నాకు రెండూ లేవు. అయినా ఆ ఆఫీసులో మూడేళ్ళు అంటే బయట ముప్పై ఏళ్ళతో సమానం, అందుకని రాస్తున్నాను.

ముందు హోదాలు చెప్పాలి. అన్నిటికన్నా పైన ఆడిటర్ గారు, అంటే చార్టర్డ్ అకౌంటెంట్. గోడ మీద ఫ్రేము ఆయనది, ఏసీ గది ఆయనది. ఆయన కింద మేనేజర్ అప్పలరాజు గారు. సీఏ పరీక్ష ఎన్నిసార్లు రాశారో ఆయనే మరచిపోయారు గాని, ఊళ్ళో ఏ వ్యాపారి ఫైలు ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఆయన కింద స్వప్నక్క, బీకాం, జీఎస్టీ రిటర్నులన్నీ ఆమెవి. ఆమె కింద నేను. నా కింద కుర్చీ.

నేను చేరిన కొత్తలో ఆడిటర్ గారు ఏ పనీ ఎవరికీ వదిలేవారు కాదు. కవరు మీద స్టాంపు వంకరగా అతికించానని పీకి మళ్ళీ ఆయనే అతికించిన రోజు ఉంది. అలాంటి మనిషి జులైలో విశాఖపట్నం వెళ్ళి, ఆఫీసు నడపడం ఎలా అనే రెండు రోజుల క్లాసులో కూర్చుని వచ్చారు. సోమవారం పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి, అన్నీ తనే పట్టుకుని కూర్చుంటే ఆఫీసు ఎదగదని, ఇకనుంచి పని అప్పగించడం నేర్చుకోవాలని చెప్పారు. చెప్పి ఒక రిజిస్టరు బల్ల మీద పెట్టారు. అందులో నాలుగు గడులు. పని, ఎవరికి, ఎప్పటికి, అయిందా.

ఆలోచన మంచిదే. తప్పు నాలుగో గడిలో జరిగింది. ఆడిటర్ గారు ఒక పనిని అప్పలరాజు గారికి ఇచ్చి, 'అయిందా' దగ్గర టిక్కు పెట్టేవారు. ఆయన వరకు అయినట్టే మరి. అప్పలరాజు గారు స్వప్నక్కకి ఇచ్చి టిక్కు పెట్టేవారు. స్వప్నక్క నాకు ఇచ్చి పెట్టేది. గురువారం నాటికి రిజిస్టరు నిండా టిక్కులే. ఆ వారం మా ఆఫీసులో పెండింగ్ పని ఒక్కటీ లేదు. పూర్తయిన పని కూడా ఒక్కటీ లేదు.

ఆ తరవాతి మంగళవారం కళింగపట్నం ఎర్రమ్మ పేరున షోకాజ్ నోటీసు వచ్చింది. ఎర్రమ్మ ఎండు చేపల వ్యాపారి. ఎండు చేపల్ని పాకెట్లు కట్టి, పేరు అచ్చేసి, బరంపురం పంపిస్తుంది. వేరే రాష్ట్రానికి పాకెట్ సరుకు పంపాలంటే జీఎస్టీ నంబరు ఉండాలి. నోటీసులో ఉన్నది ఇది: మీరు చెప్పిన చిరునామాకి మా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే అక్కడ వ్యాపారం ఏదీ లేదు, మీ నంబరు ఎందుకు రద్దు చేయకూడదో ఏడు పని దినాల్లో చెప్పండి. జవాబు తేలేదాకా నంబరు నిలిపేస్తారు. అంటే బిల్లు కొట్టకూడదు, లారీ ఎక్కించకూడదు.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. చిన్న వ్యాపారుల నంబర్లకి ఫోనూ, ఈమెయిలూ మా ఆఫీసువే ఇస్తాం. వాళ్ళకి కంప్యూటర్ బెడద ఉండదని. అందువల్ల నోటీసు మాకు వస్తుంది, వాళ్ళకి రాదు. ఎర్రమ్మ నంబరు ఆగిపోయిన సంగతి ఎర్రమ్మకి తప్ప మా అందరికీ తెలుసు.

ఆడిటర్ గారు మంగళవారమే "అప్పలరాజు గారూ, మీరు చూడండి" అని రాసి టిక్కు పెట్టేశారు. అప్పలరాజు గారు రెండు రోజులు చూశారు. ఏం చూశారో తెలియదు. చూసి, జవాబు రాయమని స్వప్నక్కకి ఇచ్చారు. స్వప్నక్క రిటర్నుల గడువులో మునిగి ఉంది. "గౌరీ, ముందు ఆవిడ దగ్గర వివరాలు తెప్పించవే" అని నా బల్ల మీద పెట్టింది. అప్పటికి ఐదో పని దినం.

నేను ఏం చేశానో కూడా చెప్పాలి కదా. నా కింద ఎవరూ లేరు. అందుకని ఎర్రమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆడిటర్ గారి ఆఫీసు నుంచి. మీ పేరున నోటీసు వచ్చింది, మీ ఇంటికి ఎవరో ఆఫీసరు వచ్చారంట. ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి పంపండి. లేకపోతే మీ నంబరు రద్దు చేసేస్తారు."

"ఏటీ! రద్దేటి? శనోరం బరంపురం లారీ వస్తాది నాకు! ఏటి రాయాల?"

"జవాబు అమ్మా."

"నాను రాయాలా? మరి మీరేటి సేత్తారు?"

"మేం పెడతాం."

"ఏటి పెడతారు?"

"మీరు రాసింది."

ఆ మాట అన్నాక నాకు సిగ్గు వేసింది. వేసినా ఫోన్ పెట్టేసి, రిజిస్టరు తీసి, నేనూ ఒక టిక్కు పెట్టాను. మంగళవారం ఏసీ గదిలో మొదలైన పని అలా మెట్టు మెట్టు దిగి, ఎవరి పనో వాళ్ళ దగ్గరికే చేరింది.

మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి ఎర్రమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. తడిసిన గొడుగు, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలో తన సరుకు పాకెట్ ఒకటి, షెడ్డు కరెంటు బిల్లు, పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. లోపలికి వచ్చి నలుగురి బల్లలూ చూసింది.

"ఈ నోటీసు ఎప్పుడొచ్చినాది?"

"పోయిన మంగళవారం," అన్నాను.

"మంగళారం వస్తే ఇన్నాళ్ళూ మీరు నలుగురూ ఏటి సేసినారు? పీత నడిసినా ఈ పాటికి మా ఊరొచ్చేసును!"

అప్పలరాజు గారు లేచి, "అదేటంటే ఎర్రమ్మా, ప్రాసెస్‌లో ఉన్నాది," అన్నారు.

"పాసెస్సు కాదు రాజు బాబూ. సరుకు షెడ్డులో ఉన్నాది. ఈ ముసురుకి ఇంకో వారం ఉంటే మెత్తబడి పురుగెక్కుతాది. అప్పుడు మీ పాసెస్సు వండుకు తినాల నాను."

అప్పలరాజు గారికి అప్పుడే బ్యాంకులో పని గుర్తొచ్చింది. ఎర్రమ్మ కాగితం నా చేతిలో పెట్టి, "ఐదో తరగతి సదివినాను, తప్పులుంటే దిద్దుకో," అని బస్సుకి వెళ్ళిపోయింది. ఆ కాగితం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"అయ్యా, నా పేరు ఎర్రమ్మ. నేను ఎండు చేపల యాపారం చేస్తన్నాను. మీ మనిషి మా ఇంటికొచ్చి దుకాణం ఏదని అడిగినాడు. మా తోటికోడలు దుకాణం లేదన్నాది. అది అబద్దం కాదు. దుకాణం లేదు. చేపలు ఇంట్లో ఎండవు. ఒడ్డున వలలు పరిచి ఎండబెడతాం. ఒడ్డుకి డోరు నంబరు లేదు. మీ మనిషి వచ్చింది వాన రోజు. వానలో ఎవరూ చేపలు ఎండబెట్టరు. ఎండ రోజు రమ్మనండి. దారి అడగక్కర్లేదు, వాసన తీసుకొస్తాది. మా ఇంటి నంబరు రాసింది ఆడిటర్ గారి ఆఫీసోలు. యాపారం ఎక్కడ చేస్తన్నావని నన్ను ఎవరూ అడగలేదు. ఆధార్ కార్డు అడిగినారు, ఇచ్చినాను. సరుకు పాడైపోతన్నాది. బేగి చూడండి."

పాత ఫైలు తీసి చూశాను. నిజమే. దరఖాస్తులో వ్యాపార స్థలం దగ్గర డోర్ నంబరు అడుగుతుంది. అక్కడ ఆధార్ మీద ఉన్న ఇంటి నంబరే వేసేసి, ఇంటి ముఖద్వారం ఫోటో జతచేశారు. కింద 'తయారు చేసినవారు' అన్న చోట మా ఆఫీసు ముద్ర.

ఉన్నది ఉన్నట్టు టైపు చేసి స్వప్నక్కకి చూపించాను. మన ఆఫీసు మాట ఉంచాలా తియ్యాలా అని అడిగాను. స్వప్నక్క స్క్రీన్ మీంచి కళ్ళు తియ్యకుండానే, "నువ్వు టైపు చెయ్యవే. దిద్దడానికి పైన సార్లున్నారు కదా," అంది. అప్పలరాజు గారు పేజీలు లెక్కపెట్టి, ఒక్కటే కదా అని సంతోషించి, ఆడిటర్ గారు ఎలాగూ చూస్తారని వదిలేశారు. ఆ వాక్యం తీసెయ్యడం నాకు అర నిమిషం పని. తియ్యలేదు. రాసింది నిజం, నేను రాసింది కాదు, పైగా నా పైన ముగ్గురున్నారు.

ఏడో రోజు మధ్యాహ్నం జవాబు పెట్టాలి. పెట్టాలంటే ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. సంతకం బదులు అదే. ఆ ఫోన్ ఆడిటర్ గారు ఎవరికీ ఇచ్చేవారు కాదు. పనులన్నీ అప్పగించారు గాని ఫోన్ మాత్రం చొక్కా జేబులోనే ఉండేది. నేను గది గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఎర్రమ్మ జవాబు. ఒకసారి చూస్తారా?" అన్నాను.

"నేను చూస్తే ఇక అప్పగించడం ఏమిటమ్మా? మీ మీద నమ్మకం ఉండాలి నాకు," అన్నారు. అని జేబులోంచి ఫోన్ తీసి ఆరంకెలూ గట్టిగా చదివారు. కొట్టేశాను. నోటీసు కిందికి దిగేటప్పుడు ఎవరూ అక్షరం కలపలేదు, జవాబు పైకి వెళ్ళేటప్పుడూ ఎవరూ అక్షరం కలపలేదు. నలుగురు ఉద్యోగుల ఆఫీసులోంచి వెళ్ళిన ఆ జవాబు మొత్తం ఐదో తరగతి చదివిన ఎర్రమ్మదే.

మర్నాడు జీఎస్టీ ఆఫీసరు ఫోన్ చేశారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి సగం మాకు వినబడింది, మిగతా సగం ఆడిటర్ గారి ముఖం చెప్పింది. తన ఇరవై ఏళ్ళ సర్వీసులో, ఒక ఆడిటర్ తన మీద ఫిర్యాదుని తనే, తన లాగిన్‌లోంచి, తన ఓటీపీతో పెట్టడం ఇదే మొదటిసారి అన్నారట ఆఫీసరు గారు. అని నవ్వారట. జవాబు మాత్రం చాలా స్పష్టంగా ఉందని, ఎండ కాసిన రోజు ఇన్‌స్పెక్టర్‌ని మళ్ళీ పంపిస్తానని చెప్పారు.

తరవాత విచారణ జరిగింది. ఈ వాక్యం ఎలా వెళ్ళింది అని ఆడిటర్ గారు అడిగితే, స్వప్న చూసుకుంటుందనుకున్నాను అన్నారు అప్పలరాజు గారు. గౌరి టైపు చేసింది సార్ అంది స్వప్నక్క. ఎర్రమ్మ రాసింది సార్ అన్నాను నేను. నోటీసు దిగడానికి వారం పట్టింది. తప్పు మాత్రం నిమిషంలో దిగిపోయింది. వ్యాపార స్థలం దగ్గర ఇంటి నంబరు ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎవరూ అడగలేదు. అది ఏ గడిలోనూ లేదు కదా.

శనివారం లారీ వచ్చింది. నంబరు ఇంకా నిలిపివేతలోనే ఉంది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టర్ సోమవారం ఎండలో వెళ్ళి, వలలూ షెడ్డూ చూసి, ఫోటోలు తీసుకున్నారు. చర్య విరమించుకున్నట్టు ఉత్తర్వు మంగళవారం వచ్చింది. ఈలోపు షెడ్డులో అడుగు వరస పెట్టెలు మెత్తబడ్డాయి. వాటిని మనుషులు తినరు. కోళ్ళ దాణా మిల్లు వాళ్ళు తీసుకెళ్ళారు. మా ఆఫీసులో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆడిటర్ గారు రిజిస్టరులో ఐదో గడి గీశారు. దాని పేరు 'పర్యవేక్షణ'. ఆ సాయంత్రానికే అందులోనూ టిక్కులు పడ్డాయి.

వ్యాపార స్థలం మార్చే దరఖాస్తు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆడిటర్ గారు నన్ను పిలిచారు. అందులో చోటు కచ్చితంగా ఎక్కడో చూపించాలి. కొంచెం ధైర్యం చేసి, నేను వెళ్ళి చూసి వస్తానని, ఎక్కడ అనుమానం వచ్చినా నేరుగా సార్‌నే అడుగుతానని, ఓటీపీ చెప్పే ముందు సార్ ఒకసారి చదవాలని చెప్పాను. ఆయన నా వంక స్టాంపు వంకరగా అతికించిన రోజు చూసినట్టే చూశారు. కానీ ఒప్పుకున్నారు.

ఎర్రమ్మ ఒడ్డున వలల మధ్య వంగి చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"ఒలే గుంటా, ఇప్పుడొచ్చినావేటి? అవి కోళ్ళు తినేసినాక?"

ఫోన్‌లో చోటు గుర్తు పెట్టుకుని, షెడ్డు ఫోటో తీసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దించింది. ఆ దరఖాస్తు మొదటిసారే మంజూరైంది.

ఇప్పుడు కోటబొమ్మాళిలో నాకు సొంత గది ఉంది, నాతో ఇద్దరు పనిచేస్తున్నారు. వాళ్ళకి పని ఇచ్చేటప్పుడు, పూర్తయితే అది ఎలా ఉండాలో చెబుతాను. ఎవరిని అడగాలో, ఎంతవరకు వాళ్ళంతట వాళ్ళే తేల్చుకోవచ్చో చెబుతాను. బయటికి వెళ్ళే కాగితం నేను చదువుతాను. ఇదంతా విశాఖపట్నం క్లాసులో కూడా చెప్పే ఉంటారు. మా ఆడిటర్ గారు సగం విన్నారు, ఆ సగాన్ని మేం ముగ్గురం ఒకరికొకరం అప్పగించుకున్నాం. ఏడు పని దినాలు నలుగురం ఎర్రమ్మ నోటీసు చూశాం. ఎర్రమ్మ చేపలు ఎండబెట్టే చోటు ఒక్కరమూ చూడలేదు. శ్రీకాకుళం నుంచి అది బస్సులో గంట.