అమ్మకు చదివిన కీర్తనలు

మా అమ్మకు అక్షరాలు రావు. కూరెకుప్పలో మా ఇంట్లో రోజూ రాత్రి అన్నానికి ముందు నేను తెలుగు బైబిలు తెరిచి ఆమెకు ఒక కీర్తన చదివి వినిపించాలి. పదేళ్ళు అలాగే చదివాను. డిప్లొమా అయ్యాక ఇనుప గనిలో సర్వే పని దొరికింది. ఖనిజానికి గిరాకీ పెరిగిన ఆ రోజుల్లో మాకు ఆదివారం కూడా సెలవు ఉండేది కాదు. నెలకొకసారి ఇంటికొచ్చేవాణ్ణి. లోటు రాకూడదని నూట యాభై కీర్తనలూ ఫోనులో రికార్డు చేసి, వరుసగా సంఖ్యలు వేసి, ఆ ఫోను అమ్మకిచ్చాను.

తరువాతి నెల చూస్తే ఆమె ఒక్కటీ వినలేదు.

"నొక్కేది తెలీలేదామ్మా?" అన్నాను.

"తెలుస్తాది. అవన్నీ నాకు నోటికే వస్తాయప్పా. నువ్వు తప్పు చదివితే దిద్దింది ఎవురు?"

"మరి నాతో ఎందుకు చదివిస్తాంటివి?"

"నీకు వస్తాయని. ఇప్పుడు ఫోనుకొచ్చె, నీకు రాలే."

ఈసారి వచ్చినప్పుడు చదువుతానని చెప్పి గని జీపు ఎక్కాను. ఆ నెలలోనే దగ్గు పట్టి, అది ముదిరి ఆమె చనిపోయింది.

భూస్థాపన దగ్గర చర్చి అయ్యగారు బైబిలు నా చేతికిచ్చి ఒక కీర్తన చదవమన్నారు. కళ్ళు నిండి అక్షరాలు కనబడలేదు. చూడకుండా చెప్పబోతే మొదటి వాక్యం దాటి ఏమీ రాలేదు. మిగతాది వెనక నిలబడ్డ ముసలమ్మలు చెప్పి ముగించారు.