ఓడలకు మంచినీళ్లు

మావారు ఓడలకు నీళ్లు పట్టేవారు. హాలిఫాక్స్‌లో ఎవరింట్లో ఫంక్షన్‌కి వెళ్లినా ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు, "అంటే పోర్టులో మేనేజరా అండీ?" అని అడిగేవారు. కాదండీ, మేనేజరు కాదు. గొట్టం భుజాన వేసుకుని రేవు గట్టు మీదికి వెళ్లి, ఓడ ట్యాంకుల్లోకి మంచినీళ్లు ఎక్కించే మనిషి. చుట్టూ ఉన్నవాళ్లంతా సాఫ్ట్‌వేరు. మొదట్లో నాకూ చిన్నతనంగానే ఉండేది. తర్వాత వాళ్ల మొహాలు చూడటం సరదాగా ఉండేది.

మేముండేది అక్కడికి నాలుగు గంటల దూరంలో, న్యూ బ్రన్స్‌విక్‌లో, నది సముద్రంలో కలిసే చోట. పోటు వస్తే సముద్రం నదిని వెనక్కి తోసుకుంటూ పైకి ఎక్కుతుంది. ఆటు వస్తే గట్టుకి కట్టిన ఓడలు మేడ మెట్లు దిగినట్టు కిందికి దిగిపోతాయి. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రేవు అది. తాళ్లు కట్టడానికి అప్పట్లో పాత ఫిరంగులను మూతి కిందికి పెట్టి గట్టులో పాతేశారు. తెరచాపలు కుట్టిన గోడౌన్లలో ఇప్పుడు కాఫీ షాపులున్నాయి. రేవు దగ్గర నది నీళ్లు ఉప్పెక్కిపోతాయి కాబట్టి, తెరచాప ఓడలవాళ్లు గుట్ట మీద కట్టిన రాతి తొట్టిలోంచి పీపాలు నింపుకునేవారట. ఈ దేశం వచ్చిన కొత్తలో నన్ను నయాగరాకి తీసుకెళ్లమని అడిగితే, ఆయన ఆ ఎండిపోయిన తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. "ఇక్కడ నీళ్లు పట్టినవాళ్లేనే మా డిపార్టుమెంటు పెద్దలు" అన్నారు గర్వంగా.

ఇప్పుడు తొట్టి లేదు, పీపాలు లేవు. గట్టు మీద ఇనప మూతల కింద ఊరి కుళాయి లైను ఉంటుంది. మూత తీసి, గొట్టం బిగించి, తుప్పు పోయేదాకా ముందొచ్చిన నీళ్లు పారబోయాలి. గొట్టం కొస సముద్రపు నీళ్లకు తగలకూడదు. నీళ్ల పరీక్షకు కాగితపు ముక్కలు ఇచ్చేవారు. ఆయన ఆ పరీక్షా చేసేవారు, దాని తర్వాత ఇంటి నుంచి పట్టుకెళ్లిన స్టీలు గ్లాసులో పట్టి తానూ తాగి చూసేవారు. ఇదేం చాదస్తమండీ అంటే, "నేను తాగని నీళ్లు ఇంకోడికెలా పోస్తానే?" అనేవారు. చలికాలం పని అయ్యాక గొట్టంలో చుక్క మిగలకుండా వంపకపోతే గడ్డకట్టి పగిలిపోతుంది. ఆయన వేళ్లూ అలాగే పగిలేవి. వాటికి వేజలైన్ రాయడం నా డ్యూటీ, తిట్టుకుంటూ.

ఒకసారి ఓ సరుకు ఓడ పైనుంచి ఆ గ్లాసు చూసి వంటవాడు కేకేశాడట: "ఓర్నాయనో, స్టీలు గలాసు! మనోళ్లేనేటి?" శ్రీకాకుళం అబ్బాయి. ఆ రోజు మావారి సంబరం చెప్పనలవి కాదు. మర్నాడు ఆ ఓడకి ఉల్లిపాయల బస్తాలు, బియ్యం తీసుకెళ్లే వ్యానులో నా ఆవకాయ సీసా కూడా ఎక్కింది. అడిగి పట్టుకెళ్లలేదు, ఉన్న ఒక్క సీసా పట్టుకుపోయారు.

ఆయనతో నాకున్న అసలు తగాదా ఒక మాట గురించి. రోజూ గుమ్మం దాటుతూ, "నీళ్లొదిలొస్తా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. మున్సిపాలిటీ కుళాయిలో నీళ్లొదులుతుంది, నిజమే. కానీ మన ఇళ్లలో పోయినవాళ్లకీ నీళ్లొదులుతారు. ఇంక రాదనుకున్నదానికీ నీళ్లొదులుకుంటారు.

"పొద్దున్నే ఆ మాటేంటండీ? నీళ్లు పట్టొస్తా అనండి."

"పంపు తిప్పితే వదిలినట్టు కాదా? నీకు తెలుగు నేనే నేర్పాలా?" అని నవ్వుకుంటూ వెళ్లేవారు. ఎంత చెప్పినా మార్చుకోలేదు.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో గట్టు మీదే పడిపోయారు. స్ట్రోక్ అన్నారు. కుడి చెయ్యి పోయింది. మాట ముద్దగా వచ్చినా, నాకు అర్థమయ్యేది. మింగడం మాత్రం రాలేదు. మంచినీళ్లు తాగితే కడుపులోకి దిగాల్సినవి ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయట. అలా ఒకసారి న్యుమోనియా వచ్చి గండం గడిచింది. అప్పటి నుంచి నీళ్లు బంద్. ఒక పొడి కలిపి, నీళ్లను చిక్కగా చేసి చెంచాతో పెట్టేవారు.

"ఇవేం నీళ్లే? అట్లపిండిలా ఉన్నాయి" అన్నారు మొదటిరోజు. నర్సు కూడా నవ్వేలా మొహం పెట్టారు. రెండోరోజు నవ్వించలేదు. ఆ తర్వాత ఇక అడగడమే. "ఒక్క గుక్క. మంచివి. ఒక్క గుక్కే." హాస్పిటల్ కిటికీలోంచి రేవు కనిపించేది. ఓడ వస్తే చూసి, "దానికి పట్టారో లేదో" అనేవారు, వెంటనే "నాకూ పట్టవే" అనేవారు. చిన్నపిల్లాడు బతిమాలినట్టు బతిమాలేవారు.

నేను ఇవ్వలేదు. మింగే పరీక్ష మళ్లీ పెడతామన్నారు. అందులో పాసైతే నీళ్లు తాగొచ్చు, ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్లొచ్చు. నాకు అంతవరకే తెలుసు. ఆయన ఇంటికి రావాలి. స్నానం చేయించేటప్పుడు కూడా తడిగుడ్డ ఆయన పెదాలకు తగలకుండా చూసుకునేదాన్ని, చప్పరించేస్తారని.

మా అమ్మాయి హాలిఫాక్స్‌లో చదువు ఆపుకుని వచ్చింది. వాళ్ల నాన్న అడగడం ఒక పూట విని తట్టుకోలేకపోయింది.

"జస్ట్ గివ్ ఇట్ టు హిమ్, అమ్మా. హీ ఈజ్ బెగ్గింగ్."

"ఇస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"ఐ నో. బట్ లుక్ ఎట్ హిమ్."

"చూస్తున్నా. నువ్వు రాకముందు నుంచీ నేనే చూస్తున్నా. మీ నాన్న ఇంటికి రావాలా వద్దా?" అని అరిచాను. హాలు చివరి నుంచి నర్సు తొంగి చూసింది. చూస్తే చూసింది. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నాకున్నది పశ్చాత్తాపం కాదు, కోపం. లోకంలోని ఓడలన్నిటికీ నీళ్లు పోసిన మనిషికి ఈ రోగమే రావాలా? ఇంకేదీ దొరకలేదా?

మళ్లీ జ్వరం వచ్చింది. చిక్కటి నీళ్లు కూడా దిగడం లేదని తెలిసింది. డాక్టరు మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది. పరీక్ష ఇంక పెట్టబోమంది. మందులు పనిచేయడం లేదంది. ఇక బాధ తెలియకుండా చూసుకుంటామంటూ కంఫర్ట్ అనే మాట చాలాసార్లు వాడింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. చివర్లో డాక్టరు, ఇప్పటి నుంచి ఆయన ఏది అడిగినా ఇవ్వొచ్చు, మంచినీళ్లు కూడా, అంది.

మా ఇళ్లలో ఈ మాట డాక్టర్లు చెప్పరు. మా మామ్మ మంచాన ఉన్నప్పుడు ఒక పెద్దాయన నాడి చూసి లేచి, "ఇంక నోట్లో నీళ్లు పొయ్యండమ్మా" అన్నాడు. అంతే, వంటింట్లో ఉన్నవాళ్లూ పెరట్లో ఉన్నవాళ్లూ పరుగెత్తుకొచ్చారు. నీళ్లు పొయ్యండి అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ డాక్టరు ఆ మాటనే ఇంగ్లీషులో, మాకేదో కాస్త ఊరట ఇద్దామని చెప్పింది. అది ఆమె తప్పు కాదు. నాకు మాత్రం మా మామ్మ మంచం కనిపించింది.

మేం గదిలోకి వచ్చేసరికి నర్సు నీళ్లు తెచ్చి పెట్టింది. పేపరు కప్పులో ఐసు ముక్కలు, ఒక స్ట్రా. పాపం, తనే ఏదో బహుమతి ఇస్తున్నట్టు నవ్వుతూ, "ఫైనల్లీ!" అంది. నేను కప్పు చేతిలోకి తీసుకున్నాను. ఆయన కళ్లు వెలిగాయి. దిండు మీద నుంచి తల లేపడానికి ప్రయత్నించారు.

"టెస్టు పాసయ్యానా?" అన్నారు.

"ఆఁ, పాసయ్యారు" అన్నాను. గొంతు బాగానే పలికింది. మొహం సంగతి నాకు తెలియదు. ఆయన నా మొహం చూశారు. కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడిన అమ్మాయి వీపు చూశారు. మళ్లీ కప్పు వైపు చూశారు. మా ఆయన కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

స్ట్రా పెదాల దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు.

"తాగండి. మంచినీళ్లే. మీరడిగినవే."

తల పక్కకి తిప్పుకున్నారు. "ఇప్పుడొద్దులే" అన్నారు. "రేపిద్దువుగాని."

తాగమని ఎంతో బతిమాలాను. ఇన్నాళ్లూ ఆయన నన్ను బతిమాలినట్టే బతిమాలాను. పెదాలు బిగించుకుని పడుకున్నారు. ఐసు కరిగిపోయింది, కప్పు మెత్తబడింది. ఆయనకు ఇంకా ఉండాలని ఉంది.

మర్నాడు ఆయన నీళ్లు అడగలేదు. నేనే చెంచాతో నోట్లో పోశాను.