టీచరమ్మ కారు కూత

షెడ్డుకు ఏ కారు వచ్చినా చెవి మేస్త్రి ముందుగా బానెట్ ఎత్తడు. "ఏదీ, మోత ఎలా వస్తోందో నోటితో అనండి" అంటాడు. ఎంతటి ఆఫీసరైనా సిగ్గు విడిచి టకటక, గరగర అనాల్సిందే. అది విని, కారు ఒక చుట్టు తిప్పి, లోపం ఫలానా అని తేల్చేస్తాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ మాటకు తిరుగు లేదు.

ఆ ఉదయం టీచరమ్మ బ్రేకు లైట్ల కోసం వచ్చింది. పెడల్ తొక్కినా వెనక లైట్లు వెలగడం లేదు. మేస్త్రి స్టీరింగ్ కిందికి దూరి, పెడల్ పైనున్న చిన్న స్విచ్ మార్చాడు. కారును గోడ దగ్గరికి వెనక్కి నడిపి బ్రేకు తొక్కాడు. తెల్లగోడ ఎర్రబడింది.

"ఇంకోటి మేస్త్రీ. బ్రేకు వేస్తే కీచుమంటోంది."

"అనండి."

ఆమె పళ్ళు బిగించి సన్నగా కూత పెట్టింది. "మా క్లాసు పిల్లలు చూస్తే ఇక నా మాట వినరు."

ఆ కూత మేస్త్రికి బాగానే వినిపించింది. వీధి చివరిదాకా వెళ్ళి నాలుగుసార్లు బ్రేకు వేస్తే మాత్రం ఏమీ వినపడలేదు. చక్రం విప్పి చూడాల్సింది. లోపం లేదని తన చెవి చెప్పాక విప్పడం అతనికి అలవాటు లేదు.

"దుమ్మండీ. అదే పోతుంది."

"కొండ దిగి అవతలి ఊరు వెళ్ళాలి."

"నిశ్చింతగా వెళ్ళిరండి."

కారు గేటు దాటుతుంటే మేస్త్రి భార్య క్యారేజీతో ఎదురొచ్చింది. మలుపు దగ్గర రెండు లైట్లూ ఒక్కసారిగా వెలిగాయి.

"చూశావా, ఎలా వెలుగుతున్నాయో."

"లైట్ల సంగతి సరే. ఆ కీచేమిటయ్యా, నా పళ్ళు జివ్వుమన్నాయి. అలాగే పంపేశావా?"

"ఏ కీచు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. "పొద్దున అలారం కీచుమని మొత్తుకుంటుంటే పక్కనే కూర్చుని టీ తాగావు. మొండితనం అనుకున్నాను."

బ్రేకు ప్యాడ్ పూర్తిగా అరిగి ఇనుము ఇనుముకు తగిలితే వచ్చే కూత అది. ఆ సంగతి ఎందరికో చెప్పినవాడు తనే. ఫోన్ తీశాడు.

"టీచరమ్మా, పక్కకు ఆపండి. కొండ దాకా వెళ్ళకండి."

"దుమ్మన్నారుగా?"

స్విచ్ సరిగా బిగించలేదని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది కూడా.

"నాకు వినపడలేదమ్మా."

"ఇంకా ఊళ్ళోనే ఉన్నాను. మెల్లగా వెనక్కి వస్తున్నా."

చక్రం విప్పితే ప్యాడ్‌లో ఇనుప రేకే మిగిలింది. కొత్తవి వేశాడు. టీచరమ్మ తాళాలు అందుకుని, నేలకేసి చూస్తూ అంది. "ఇంకోచోట కూడా ఒకసారి చూపిస్తాను. ఏమనుకోకండి."

"చూపించండి. మంచిదే."

సాయంత్రం ఇంకో కారు వచ్చింది. మేస్త్రి భార్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. "మోత మొదలవగానే చెయ్యెత్తు. మాట్లాడకు."

గేటు దగ్గర బ్రేకు తొక్కాడు. ఇంజిన్ గురగుర తప్ప అతనికి ఏమీ వినపడలేదు. ఆమె చెయ్యి అప్పటికే లేచి ఉంది.