కుప్పంలో నా తూకం

ఆ రోజుల్లో మదనపల్లెలో మా బళ్లో ఆటల పిరియడ్ గంట కొడితే పిల్లలందరూ మైదానంలోకి పరిగెత్తేవాళ్లు. నేను మాత్రం వాళ్లు విడిచిన చెప్పుల దగ్గరికి నడిచేదాన్ని. చెప్పులు, గాజులు, నీళ్ల సీసాలు కాపలా కాయడం నా పని. ఎవరూ అప్పజెప్పింది కాదు. ఖోఖోకి జట్లు ఎంచుకునేటప్పుడు ప్రతిసారీ మిగిలిపోయి, నాకు నేనే కల్పించుకున్న ఉద్యోగం. ఎనిమిదో తరగతికే మా అమ్మ జాకెట్లు నాకు బిగుతయ్యేవి. ఎండలో బుగ్గలు కందిపోయేవి కాబట్టి పేరు టమేటా. (ఒళ్లు చూస్తే మార్కెట్‌కొచ్చే లారీ లోడంత ఉన్నా, ఒక్క పండు పేరుతో సరిపెట్టడం వాళ్ల దయే అనుకునేదాన్ని.)

ఆ ఉద్యోగం ఊడగొట్టింది కురబలకోట నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు. గొర్రెలు మేపుకునేవాళ్ల ఇంటి పిల్ల. సన్నగా ఉండి ఎగిరెగిరి దూకేది, అందుకని దాని పేరు మిడత. కబడ్డీ జట్టులో ఒక పిల్లకు జ్వరమొచ్చిన రోజు, నా చెయ్యి పట్టుకుని డ్రిల్లు మేడం ముందుకు లాక్కుపోయింది. ఆ రోజు కూతకొచ్చిన పిల్ల కాలు నా చేతికి చిక్కింది. నేను పెద్దగా చేసిందేమీ లేదు, కాలు పట్టుకుని కింద కూర్చున్నాను, అంతే. ఆ పిల్ల గీత దాకా పోలేకపోయింది. వారం తిరిగేసరికి నాకు జట్టులో చోటు దొరికింది. మిడత అవతలికి పోయి పాయింట్లు తెచ్చేది, నేను ఇవతలికొచ్చినవాళ్లను పోనిచ్చేదాన్ని కాదు. నా ఒళ్లు చూసి నలుగురు సంతోషించడం అదే మొదలు.

అంతలో కుప్పంలో పోటీలన్నారు. అక్కడ బాగా ఆడినవాళ్లను ఆటల హాస్టల్‌కు తీసుకుంటారని, మిడతకు సీటు ఖాయమని మేడం చెప్పింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, మా వయసు వాళ్లకు బరువు హద్దు ఉందని, నేను మూడు కిలోలు ఎక్కువని, ఇంకా పది రోజులే ఉందని మెల్లగా చెప్పింది. ఎట్లా తగ్గాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

చెమట కారాలని నాన్న రెయిన్‌కోటు తొడుక్కుని మిద్దె మీద పరిగెత్తాను. (కింద కాపురమున్నాయన భూకంపమేమోనని రెండుసార్లు వీధిలోకి వచ్చాడు.) అవ్వ పెట్టిన సంగటి ముద్దను ఆమె అటు తిరగ్గానే పక్కింటి ఆవుకు వేసేదాన్ని. ఆవు బాగా ఒళ్లు చేసింది. అవ్వ నా గడ్డం పట్టుకుని, యాల ఇట్లా వాడిపోయినావని అడిగితే పరీక్షలన్నాను. చివరి రెండు రోజులు నీళ్లు కూడా మానేశాను.

కుప్పంలో తూకం ఒక క్లాసు గదిలో, అందరి ముందర. ముల్లు హద్దు దాటింది, నూరు గ్రాములు. పట్టీలు తీశాను, గాజులు తీశాను, పిన్నులు తీశాను. ముల్లు కాస్త కదిలింది గానీ దిగలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. అప్పుడు నా జడ కత్తిరించమని నేనే అడిగాను. మేడం వద్దంది. మిడత ఏడుపు మొహం పెట్టింది. నేను ఆఫీసు గదికి పోయి కత్తెర తెచ్చుకుని నా చేతులతోనే కోసుకున్నాను. ముల్లు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఆట మొదలైన కాసేపటికే అవతలి పిల్ల కూతకొచ్చింది. దాని కాలు నా ముందరే ఉంది. వంగాను, కళ్లకు చీకట్లు కమ్మాయి. మెలకువొచ్చేసరికి వరండాలో పడుకోబెట్టి గ్లూకోజు నీళ్లు తాగిస్తున్నారు. ఆట అయిపోయింది. నా మూల ఖాళీ అయ్యాక మిగిలినవాళ్లు నిలవలేకపోయారట. మిడత ఊపిరి తిప్పుకోకుండా మళ్లీ మళ్లీ కూతకు పోయి, చివరికి దొరికిపోయిందట. హాస్టల్‌వాళ్లు రాసుకున్న పేర్లలో దాని పేరు లేదు.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. (ఎప్పుడూ నా పక్కన చోటు చాలదని సణిగేవాళ్లు. ఆ రోజు చోటు ఉండాది, మనుషులే లేరు.) పలమనేరు దాటాక మిడత లేచొచ్చి కూర్చుంది. "నాకు చెప్పుండొచ్చు కదమే. నువ్వు తినకుండా ఉండావని తెలిసుంటే నేను కుప్పానికే వచ్చుండను" అంది. దాని డబ్బాలో మిగిలిన చిత్రాన్నం నా ఒడిలో పెట్టింది. ఆకలి లేదన్నాను.

ఇంట్లో అవ్వ నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. తలకు నూనె పెట్టింది. అలవాటుగా ఆమె చెయ్యి జడ వెంబడి వీపు మీదికి దిగి, ఏమీ దొరక్క అక్కడే ఆగిపోయింది.

మళ్లీ నేను మైదానంలోకి పోలేదు. మిడత రోజూ వచ్చి పిలిచేది. కడుపునొప్పి అనేదాన్ని. ఒక రోజు పిలవడం మానేసింది. పదో తరగతి తర్వాత అది ఏమైందో, యాడ ఉండాదో నాకు తెలీదు. అడిగితే తెలిసేదే, అడగలేదు.

ఇప్పుడు పుంగనూరులో నా ఇల్లు, నా పిల్లలు, అప్పటికి రెట్టింపు ఒళ్లు. మెట్లెక్కితే మోకాళ్లు నాతో మాట్లాడతాయి. అయినా సాయంత్రం కూరగాయలకు పోయేటప్పుడు బడి పిల్లలు కబడ్డీ ఆడుతుంటే గోడ దగ్గర ఆగుతాను. కూత దగ్గరికొచ్చేకొద్దీ సంచి ఎప్పుడు కింద పెడతానో తెలీదు, చేతులు రెండూ వాటంతట అవే కొంచెం ముందుకు చాచుకుంటాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసుకుని, నాలో నేనే నవ్వుకుని, సంచి ఎత్తుకుంటాను.